సోమ్లీ గొంతు

అమావాస్య... మిట్టమధ్యాహ్నం! దయ్యాలు తిరగడానికి అర్ధరాత్రే కానక్కర్లేదు. నర్సింహులపేట అవతలి శ్మశానంపై కారుమేఘాలు గర్జిస్తున్నాయి. పట్టపగలే గుడ్లగూబ కూసింది!

పుర్రె ముందు మాంత్రికుడు గణపతి. ఎదురుగా మోకాళ్లపై కల్యాణి. అతని ప్రయోగం ఆమె గొంతును నులుముతోంది. మాట రాదు, మెతుకు దిగదు. వదలాలంటే హార్డ్‌డిస్క్ తెమ్మన్నాడు. తెచ్చింది గానీ, ఇవ్వడానికి చేతులు రాక గుండెకు హత్తుకుంది.

అందులో ఉన్నది డోర్నకల్ దానియేలు నడిపిన పాడ్‌కాస్ట్. మంత్రగత్తెలని ముద్ర వేసి ఊళ్లు చావబాదిన తండా ఆడవాళ్లు తమను కొట్టినవాళ్ల పేర్లూ, కొట్టించిన గణపతి పేరూ అందులో చెప్పారు. సగం మంది అబద్ధమన్నారు, సగం మంది తలుపులు మూసుకుని విన్నారు. బెదిరింపులకు జడిసి దానియేలు నెట్‌లోంచి అంతా తీసేశాడు. ఆ ఆడవాళ్లెవరూ ఇప్పుడు బతికి లేరు. మిగిలింది కల్యాణి దాచుకున్న ఈ ఒక్క కాపీయే. దవాఖాన మంచం మీంచి కల్యాణి తల్లి సోమ్లీ చెప్పిన చివరి మాటలు దాంట్లోనే ఉన్నాయి.

"నీ గొంతు గావాల్నా, మీ అవ్వ గొంతు గావాల్నా? జల్ది చెప్పు!"

కల్యాణి తల అడ్డంగా ఊపింది. గణపతి ఆమె జుట్టు పట్టి ఈడ్చి, డిస్కు లాక్కుని తన ల్యాప్‌టాప్‌కు తగిలించాడు.

పగలగొట్టి ఊరుకుంటే బతికిపోయేవాడు. కానీ కండకావరం! చచ్చినవాళ్ల గొంతు మోగుతుండగా పేరు పెట్టి పిలిస్తే, అది పుర్రెలో బానిసై పడి ఉంటుందని దురాశ. సోమ్లీ మాటలు మోగించాడు.

"సోమ్లీ... రా!"

వచ్చింది. ఢావ్లో పాడుతూ వచ్చింది! తండా ఆడవాళ్లు దుఃఖాన్ని రాగం తీసి ఏడ్చే పాట అది. ఒకతె ఎత్తుకుంటే విన్న ఆడవాళ్లంతా వచ్చి, మెడ కావలించుకుని గొంతు కలపాలి. ఏ ఆడదాన్నీ ఒంటరిగా ఏడవనివ్వరు. తండాల్ని పీక్కుతిన్న గణపతికి తండా ఆచారం ఏం తెలుసు!

అతను మోగించని మిగతా ఆడవాళ్ల భాగాలన్నీ ఒక్కసారిగా మోగాయి...! కనిపించని చేతులు అతని మెడను కావలించుకున్నాయి. ఒక జత... మరో జత... ఇంకో జత! ఎముకలు పటపటమన్నాయి. పుర్రె ముక్కలైంది. కల్యాణి గొంతులో ముడి వీడింది.

"ఆపు బిడ్డా... నీ కాళ్లు మొక్కుత! జర ఆపు!"

"మా యాడి గూడ నీకు గిట్లనే మొక్కింది," అంది కల్యాణి, తల్లిని తలచుకుని.

ల్యాప్‌టాప్ మూస్తే ఆగేదేమో. ఆమె మూయలేదు. ఫోన్ తీసి అతని నోటి దగ్గర పెట్టి, రికార్డింగ్ నొక్కింది.

"ముందుగాల నీ పేరు చెప్పు," అంది.