గుడ్డిపాయలో మూడో పిలుపు

కోరంగి మడ అడవుల వెనకాల గుడ్డిపాయ అని ఒకటుంది. సముద్రం ఎంత కోపంగా ఉన్నా ఆ పాయలో నీళ్ళు కాస్త నిమ్మళంగానే ఉంటాయి. రెండు గట్ల మీదా లావుపాటి మడచెట్లు. బోటు కట్టుకోవడానికి అంతకన్నా మంచి చోటు చుట్టుపక్కల లేదు. అయినా ఎవడూ అక్కడ కట్టడు.

తుపాను రాత్రి అక్కడ నీళ్ళమీంచి ఎవరో పిలుస్తారట... "మోకు అందుకో" అని. అదీ ముక్కూ మొహం తెలియని గొంతుతో కాదు. మనం ఎవరికోసం ప్రాణాలు ఉగ్గబట్టుకుని చూస్తున్నామో, అచ్చం ఆ మనిషి గొంతుతో.

తొంభై ఆరు తుపాను నాడు అమ్మిరాజు అక్కడే కట్టాల్సి వచ్చింది. సరదాపడి కాదు. హెచ్చరిక వినగానే అందరూ పెద్దపాయలోకి చేరిపోయారు. అమ్మిరాజు వెళ్ళేసరికి బోటూ బోటూ ఒరుసుకుని ఉన్నాయి. ఉన్న కాస్త సందులో దూర్చబోతే, నిన్నటిదాకా బీడీ పంచుకున్నవాళ్ళే గడకర్రలెత్తి తోసేశారు.

"నీ బోటొచ్చి కొడితే మా పలకలు ఊడతాయి. పో, గుడ్డిపాయకి పో!" అని అరిచాడొకడు.

వెనక్కి తిరిగి ఊరి రేవుకొస్తే, చెల్లెలు లోవలక్ష్మి నిండు కడుపుతో వానలో నిలబడి ఉంది. "అన్నయ్యా, ఆయన బోటు ఇంజను మొరాయించిందంట. ఇంకా సముద్రం మొగలోనే ఉన్నారంట. నువ్వే చూసుకోవాలి అన్నయ్యా..." అంది.

ఆయనంటే అప్పాజీ. అమ్మిరాజుకి బావ. అంతకుముందు నుంచీ ఒకే పళ్ళెంలో తిన్న స్నేహితుడు.

"నీ మొగుణ్ణి తీసుకురాకుండా నీ గుమ్మం తొక్కను" అన్నాడు అమ్మిరాజు. సముద్రంలోంచి వచ్చేవాడికి మొదట తగిలేది గుడ్డిపాయే. తోసేసినవాళ్ళని నోరారా తిట్టుకుంటూ బోటు అటు తిప్పాడు.

కట్టడం మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుని కట్టాడు. ముందు లంగరు దించాడు. రెండు గట్ల చెట్లకీ మోకులు వేశాడు. మోకు బోటు అంచుకి రాసుకునే చోట గోనెపట్టా చుట్టాడు. ఉప్పెన నీళ్ళు పొంగితే బోటు కూడా లేవాలి కదా... బిగించి కడితే ఉన్నచోటే మునుగుతుంది. అందుకని మోకులకి బాగా వదులిచ్చాడు. మిగిలిన ఒక్క మోకునీ అప్పాజీ కోసం చేతికందేలా చుట్టి పెట్టుకున్నాడు.

తోడు ముసలి కళాసి వెంకన్న ఒక్కడే.

చీకటి పడ్డాక గాలికి పిచ్చెక్కింది. మడచెట్లు వంగి నీళ్ళని కొట్టాయి. వాన అడ్డంగా కురిసింది. బోటు లేచి పడుతుంటే మోకులు మూలుగుతున్నాయి. అమ్మిరాజు లాంతరు పట్టుకుని, కళ్ళు చికిలించి పాయ మొగకేసి చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు వినబడింది.

"బావా... మోకు అందుకో!"

అప్పాజీ గొంతు! అమ్మిరాజు నోరు తెరిచాడో లేదో, వెంకన్న చెయ్యి వచ్చి ఆ నోటిమీద పడింది.

"పలక్కు..." చెవిలో గుసగుసలాడాడు వెంకన్న. "మనిషైతే మూడోసారి కూడా పిలుస్తాడు. అది రెండుసార్లకి మించి పిలవదు. ఆగు."

"మా బావ గొంతు మావా..."

"దాని పనే అది!"

"బావా... ఓ అమ్మిరాజు బావా!"

ఈసారి దగ్గరగా వినబడింది. లాంతరు అమ్మిరాజు చేతిలోనే ఉంది. పలకలేదు. కదల్లేదు. మూడో పిలుపు కోసం చెవులు రిక్కించి, లోవమ్మ తల్లికి మొక్కుకుంటూ అలాగే నిలబడ్డాడు.

మూడో పిలుపు రాలేదు.

వెంకన్న ఊపిరి పీల్చుకున్నాడు. అమ్మిరాజు మాత్రం కుదురుగా ఉండలేకపోయాడు. అది దెయ్యమే అయితే సరే... కాకపోతే? చెల్లెలి మొహం ఎలా చూడాలి? థూ, నాదీ ఒక బతుకేనా అని తనని తానే తిట్టుకున్నాడు.

ఎంతసేపయ్యిందో ఏమో... అంత గాలిలోనూ పక్కనే కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా వినబడింది.

"బావా... మోకు."

"పిలిచాడు! మూడోసారి పిలిచాడు మావా!"

అమ్మిరాజు ఏడుస్తూనే మోకు విసిరాడు. చీకట్లో ఎవరో అందుకున్నారు. బిగిసింది. గబగబా ఇటు కొస గుంజకి కట్టేశాడు. రాత్రంతా "అప్పాజీ, ధైర్యంగా ఉండు!" అని అరుస్తూనే ఉన్నాడు. అరిచినప్పుడల్లా అవతల నుంచి మోకు చిన్నగా గుంజుకునేది. ఆ గుంజుడే అమ్మిరాజుకి కొండంత ధైర్యం.

తెల్లారేసరికి గాలి తగ్గింది. ఆకు లేని చెట్ల మధ్యనుంచి మోకాలిలోతు బురదలో ఎవరో నడిచి వస్తున్నారు. చిరిగిన చొక్కా, గీరుకుపోయిన ఒళ్ళు... అప్పాజీ!

"బావా! బోటు దిగి అటెప్పుడు వెళ్ళావు?" అమ్మిరాజు ఆనందం పట్టలేక అరిచాడు.

అప్పాజీ గట్టుమీదే ఆగిపోయాడు. దగ్గరికి రాలేదు. "నువ్వు... నువ్వేనా రాత్రి లాంతరు పట్టుకు నిలబడింది?"

"నేనే!"

"మరి పలకవేం? రెండుసార్లు పిలిచాను. నాకేసి చూస్తూ బొమ్మలా నిలబడ్డావు. మనిషైతే పలకడా... అది నువ్వు కాదనుకున్నాను బావా. హడలిపోయి, గెడ వేసి వెనక్కి తోసుకుపోయి, కింద బురదకట్టకి ఎక్కించేశాను బోటుని."

"మూడోసారి పిలిచావుగా! మోకు అందుకున్నావుగా!"

"నేనెందుకు పిలుస్తాను? అప్పటికి ఇక్కడ లేనే!"

ముగ్గురూ పాయకేసి చూశారు. ఇంకో బోటు లేదు. మోకు మాత్రం బిర్రుగా బిగిసి, నడిపాయలో నీళ్ళలోకి దిగి ఉంది.

"కోసెయ్!" అన్నాడు వెంకన్న.

అమ్మిరాజు కత్తి పెట్టి ఒక్క కోత కోశాడు. తెగిన కొస నీళ్ళమీద పడి, ఆటుకి సముద్రంకేసి కొట్టుకుపోవాలి కదా... పోలేదు. ఎవరో చెయ్యి మార్చి చెయ్యి లాక్కుంటున్నట్టు, నీటివాలుకి ఎదురుగా, బార తర్వాత బార, తాపీగా లోపలికి వెళ్ళిపోయింది.