గుండె నుంచి తీసిన రక్తం

"కుమారిని లేపెయ్," అన్నాడు చీఫ్ లోకనాథం, ల్యాబ్ రిపోర్టు బల్లమీదకి విసిరి.

తారక్ రిపోర్టు అందుకుని చదివాడు. కశింకోట చెరుకుతోటలో శవమై దొరికిన సింహాచలం వాళ్ల గూఢచారి శాఖ ఏజెంటే. విశాఖ సబ్‌మెరైన్ల ప్లాన్లు విదేశీ ముఠాకి అమ్ముతున్నదెవరో కూపీ లాగుతూ పోయాడు. అతని రక్తంలో డిజాక్సిన్ అనే గుండెమందు ఉండాల్సినదానికి మూడింతలుందట. చివరగా అతన్ని కలిసింది కుమారి, ముఠాలో మసులుతూ వీళ్లకి పనిచేసే డబుల్ ఏజెంటు. విషం పెట్టింది ఆమే, ఇంకేం సాక్ష్యం కావాలన్నాడు చీఫ్.

తారక్ ఆమెని ప్రేమించాడు. అందుకే ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం అనకాపల్లి బెల్లం మార్కెట్లో దళారి వేషంలో నిలబడ్డాడు. దొంగ మీసం, జేబులో పెన్ను పిస్టల్. కుమారి బెల్లం దిమ్మ చంకనెట్టుకుని వస్తోంది. పెన్ను తీసి గురిపెట్టాడు. నొక్కేముందు ఆ విషం మాట తన చెవులతో వినాలనిపించి, పోస్ట్‌మార్టం చేసిన డాక్టరమ్మకి సెల్ కొట్టాడు.

"విషమని నేనెప్పుడు చెప్పేను?" అందావిడ. "ఆయన రోజూ వేసుకునే మందే అది. మనిషి పోయేక గుండె కండలోంచి రక్తంలోకి దిగి, అంకె పెరిగిపోద్ది. మేం తీసింది గుండె రక్తమే, అదీ ఆలస్యంగా. విషమనీ అనలేం, కాదనీ అనలేం. నిన్ననే మీ చీఫ్‌కి చెప్పేను కదా."

తెలిసే చంపమన్నాడు. వేలు పట్టుకుని పని నేర్పిన మనిషి. తారక్ పెన్ను కిందికి దించాడు.

"పాకం ముదిరిందా?" కుమారి కోడ్ అడిగింది. అంతలో పెన్ను ఆమె కంటపడింది. ముఖం పాలిపోయింది, అయినా దిమ్మ చేతికిచ్చింది. "సింహాచలం రికార్డు చేసిన టేపు ఇందులో ఉంది. ప్లాన్లు అమ్మేది మీ చీఫే. ఇప్పుడు రైలు స్టేషన్లో వాటిని అందించబోతున్నాడు. నన్ను సంపడానికొచ్చేవేటి?"

తారక్ స్టేషన్‌కి పరిగెత్తాడు.

రైలు కదులుతోంది. కిటికీలోని తెల్లదొర చేతికి ప్లాన్ల కవరు అందేలోగా తారక్ చీఫ్ మణికట్టు దొరకబుచ్చుకున్నాడు.

"రిపోర్టు నమ్మలేదా?" అన్నాడు చీఫ్.

"రిపోర్టుని కాదు సార్, మిమ్మల్ని నమ్మేను."

సింహాచలాన్ని ఎవరైనా చంపారా, తనే పోయాడా? చీఫ్ చెప్పలేదు, రక్తం చెప్పలేకపోయింది.

సాయంత్రం తారక్ క్షమించమని అడిగి రెండు టీలు చెప్పాడు. కుమారి క్షమించానంది. తన గ్లాసు అతని ముందుకు జరిపి, అతని గ్లాసు తీసుకుంది.