ఆలస్యంగా వచ్చేవాళ్ళ బియ్యం

నెల్లూరు మూలాపేటలో చదువుకునే రోజుల్లో మా ముగ్గురిదీ ఉమ్మడి వంట. ఇంటి నుంచి తెచ్చుకున్న బియ్యం ఎవరి డబ్బాలో వాళ్ళకుండేది. సాయంత్రం ఎసరు పెట్టగానే తలా దోసెడు గిన్నెలో వేయాలి. ఆలస్యమైనవాడు పెరట్లోంచే "నాకు వేయండి" అని కేకేస్తే, లోపలున్నవాళ్ళు వాడి డబ్బాలోంచి వేస్తారు. అందులో లేకపోతే పక్కవాడి డబ్బాలోంచి. ఆ నియమం నాదే. వంటింటి గోడ మీద బొగ్గుతో రాశాను కూడా: 'ఆకలన్నవాణ్ణి ఎవడివని అడగరాదు.'

ఆ ఏడు తుఫానుకు ముందు మాలో ఒకడైన జీవానందం ఎండుచేపలు తెస్తానని సముద్రం ఒడ్డునున్న తన పల్లెకు పోయాడు. ఉప్పెన ఆ పల్లెను ఊడ్చుకుపోయింది. జీవానందాన్ని తన చేతులతోనే ఇసుకలో పూడ్చానని, తుఫాను వెలిశాక ఒక పొద్దున ఆ పల్లె నుంచి ఒకాయన వచ్చి చెప్పి వెళ్ళాడు.

రేడియోలో నష్టం స్వల్పమన్నారు. స్వల్పం! పేదవాడి చావు లెక్కకు రాని ఈ వ్యవస్థను తగలబెట్టాలని అరవబోయాను. అరవకుండానే రేడియో కట్టేశాను. ఏడుపూ రాలేదు. గోడకానుకుని కూర్చున్నాం. పొద్దు వాలాక ఆకలేసింది. సిగ్గు కూడా అనిపించలేదు.

తడి కట్టెల పొగ వంటిల్లంతా కమ్ముకుంది. చూరు నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతున్నాయి.

"జీవానందం డబ్బా దించేద్దామా, నాయకా?" అన్నాడు విజయభాస్కర్. వాడు గూడూరు నిమ్మకాయల వ్యాపారి కొడుకు. నన్ను ఎప్పుడూ ఎగతాళిగా అలాగే పిలుస్తాడు. ఆ రోజు ఎగతాళి లేదు.

"ఉండనీ," అన్నాను.

"అన్నా... నాకు వేయండి."

పెరట్లోంచి. రోజూ వినే గొంతే. అలవాటు కొద్దీ నా చేతులు జీవానందం డబ్బాలోకి పోయాయి. దోసెడు తీసి గిన్నెలో వేశాను.

విజయభాస్కర్ నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఎవరికి వేసినావు?" గుసగుసలాడాడు.

బయట తొట్టిలో చెంబు మునిగింది. ఎవరో కాళ్ళు కడుక్కుంటున్నారు. ఆ తొట్టి పగిలి చాలా కాలమైంది. అందులో చుక్క నీరు నిలవదు. తలుపు కింద నుంచి ఉప్పు వాసన, కుళ్ళిన నాచు వాసన...

"అన్నా... అమ్మ కూడా వచ్చింది."

"వేయబాక," అన్నాడు విజయభాస్కర్. "ఎవరని అడుగు. అడుగు నాయకా!"

గోడ మీద నా అక్షరాలు. అడగలేదు. వేశాను.

"తమ్ముడు కూడా..."

వేశాను.

"పక్కింటి రెబెక్కమ్మత్త... వాళ్ళ పిల్లలు..."

చెంబు మునుగుతూనే ఉంది. ఎన్ని కాళ్ళో. జీవానందం డబ్బా అయిపోయింది. తర్వాత విజయభాస్కర్‌ది. వాడు వద్దనడం మానేసి మూలకు నక్కాడు. నాకు భయం కూడా వేయలేదు. చేతులు మాత్రం కదులుతున్నాయి. బియ్యం గిన్నె నిండి, నేల మీదకు జారుతోంది.

చివరికి నా డబ్బా. వేళ్ళు అడుగు రేకును గీరాయి.

బయట చెంబు చప్పుడు ఆగింది.

పెరటి తలుపు గడియ వేసే ఉంది. చూశాను.

"అయిపోయినాయా, అన్నా?"

ఈసారి గొంతు తలుపుకు ఇవతలి నుంచి వచ్చింది.