కాలేయం బిళ్లలు

మూడో కుక్క గుండె కూడా తడబడడం మొదలైంది. పర్యవేక్షణ గదిలో అమృతవల్లి దాని మెడపట్టీ పంపే చప్పుడును చెవిగొట్టాలు గట్టిగా నొక్కుకుని విన్నది. ఆ కుక్క ఉన్న భీమిలి ఇంట్లో, వేళకు మేత వేసే తినిపెట్టె పొద్దున దానికి వేసింది కాలేయం బిళ్ల. అంతకుముందు చచ్చిన రెండు కుక్కలూ, గాజువాక పిల్లీ తిన్నవి అదే వాయిలో తయారైన బిళ్లలే.

"ఈ వాయిని ఆపెయ్," అంది తెరకేసి చూస్తూ.

"ఆధారాలు చాలవు. పరిశీలన కొనసాగుతోంది," అంది ఊరి తినిపెట్టెలను నడిపే యంత్రం నిర్ణాయకం, ఎప్పటి మెత్తటి గొంతుతోనే.

ఆపే అధికారం మనుషుల చేతుల్లోంచి ఎప్పుడో పోయింది. చావులు తగినన్ని పోగుపడితే తప్ప నిర్ణాయకం ఉపసంహరణ ప్రకటించదు. సాయంత్రపు మేతవేళ దగ్గర పడుతోంది. ఆ వేళకు విశాఖలోని తినిపెట్టెలన్నీ ఒక్కసారే తెరుచుకుంటాయి.

భీమిలి ఇంటి నుంచి పిలుపు వచ్చింది. ఆ కుక్కను పెంచుకుంటున్న పెద్దావిడ.

"మా సింగడు లెగట్లేదమ్మా. నీళ్లు కూడా ముట్టట్లేదు. ఈ పెట్టె మళ్లీ బిళ్లలేసేత్తాది. ఏటి సెయ్యమంటావు?"

"పెట్టె మీద దుప్పటి కప్పండి, పిన్నీ. గట్టిగా పట్టుకోండి."

"ఇంకో రెండు కుక్కలున్నాయమ్మా. ఆకలి మీదున్నాయి. నానేటి ఆపగల్ను?"

అమృతవల్లి పక్క కుర్చీలోని తోటి ఉద్యోగి లూథర్ వైపు తిరిగింది. అతను తల అడ్డంగా ఊపాడు.

"మనం చెప్తే వినదక్కా. మనిషెవరైనా తింటేనే అది వెంటనే ఆపుతాది. అబద్ధం ఆడదామన్నా కుదర్దు. అది మాట నమ్మదు, మన ఒంట్లో అమర్చిన దేహసూచిక చెప్పేదే నమ్ముతాది."

అతను ఊరికే అన్నాడు. ఆమె మాత్రం పరీక్షబల్ల మీద ఆ వాయి బిళ్లలున్న నమూనా గిన్నెను చూసింది. లేచి బల్ల దగ్గరికి నడిచింది. గాజువాక పిల్లి చివరికి గోడకేసి తల కొట్టుకున్న దృశ్యం ఆమె పొద్దున్నే చూసింది. వద్దని ఒళ్లంతా మొత్తుకుంటోంది. బిళ్ల తీసి నోట్లో వేసుకుంది. నీచువాసన, ఉప్పన. నమిలింది.

"అక్కా, ఉమ్మెయ్. ఉమ్మెయ్ ముందు," లూథర్ కుర్చీ తన్నుకుంటూ వచ్చాడు.

ఆమె మింగేసింది.

"మానవ సేవనం నిర్ధారణ అయింది," అంది నిర్ణాయకం. తెర మీది ఊరి పటంలో తినిపెట్టెల దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.

"మూసుకుందమ్మా," తెగని పిలుపులోంచి పెద్దావిడ అంది. "పెట్టె మూసుకుపోయింది."

లూథర్ అంబులెన్సు కోసం అరుస్తున్నాడు. ఇన్నేళ్లలో నిర్ణాయకం ఆదేశించడమే గాని ఎవరినీ ఏదీ అడిగింది లేదు.

"హానికరమని తెలిసీ తిన్నారు. ఎందుకు?" అని అడిగింది. "కారణం తెలిసేవరకు ఏ వాయినీ విడుదల చేయలేను, ఏ తినిపెట్టెనూ తెరవలేను."

చెబుదామని అమృతవల్లి నోరు తెరిచింది. పెదవులు తిమ్మిరెక్కాయి. మాట రాలేదు.

"ఎందుకు?" అని నిర్ణాయకం మళ్లీ అడిగింది.