పటం వెనక కొబ్బరాకు

తెల్లచీర కట్టుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, రాహేలమ్మ పొద్దున్నే వసారాలో కూర్చుంది. చెల్లెలికి మోకాలి ఆపరేషన్ అయింది. తిరువల్లలో ఆమె దగ్గర రెండు రాత్రులుండి, క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నానికి తిరిగి రావాలని ఆమె ఆలోచన. కొడుకు రెజీ కారు తాళాల కోసం ఇల్లంతా గాలిస్తున్నాడు. కోడలు లిన్సీ పాలు లేని టీ తెచ్చి ఇచ్చింది. డిసెంబరు మొదలైనప్పటి నుంచి పాలు, గుడ్డు, చేప, మాంసం ముట్టకుండా పాతిక రోజుల ఉపవాసం ఉంటోంది ముసలావిడ. కొడుకూ కోడలూ కూడా ఉంటున్నామనే అంటారు. కాకపోతే ఆదివారాలూ, ఆఫీసు విందులూ, చుట్టాల రాకపోకలూ మినహాయిస్తే వాళ్ళ ఉపవాసంలో మిగిలింది తక్కువ.

"కర్రపెండలం ఉడకబెట్టాను అమ్మచ్చీ, నాలుగు ముక్కలు తిని వెళ్ళండి," అంది లిన్సీ. ఆ మలయాళీ ఇంట్లో అమ్మచ్చి అంటే అమ్మ, మోళే అంటే అమ్మాయీ.

"వద్దు మోళే, కారులో కడుపులో తిప్పుతుంది. చీకటి పడేలోగా కోళ్ళ గూడు మూసెయ్. దీపాల వేళకి..." అని ఆగిపోయి, టీ గ్లాసు కింద పెట్టింది రాహేలమ్మ.

"దీపాల వేళకి ఏంటమ్మచ్చీ?"

"ఏం లేదు. దోమలొస్తాయి, కిటికీలు వేసుకోండి."

లిన్సీ తలూపింది. ఆమె బుర్ర అప్పటికే హాల్లో తూర్పు గోడ మీద ఉంది. అత్తగారు లేని ఈ రెండు రోజుల్లో ఆ గోడని ఎలా మార్చాలో నవంబరు నుంచీ అనుకుంటోంది.

మామగారు చెరియాన్ పోయింది జూన్ వానల్లో. చావు జరిగిన ఏడాది ఇంటికి క్రిస్మస్ నక్షత్రం కట్టకపోవడం ఆ ఊళ్ళో వాడుక. కానీ లిన్సీ భర్తని ఒప్పించింది. "ఇల్లు నూతిలా ఉంది ఇచ్చాయా. అమ్మచ్చి గది వదిలి బయటికి రావడమే మానేశారు. పండక్కైనా కాస్త వెలుగుండాలి," అంది. అది నిజమే. వీధి సంఘంవాళ్ళు అందంగా అలంకరించిన ఇంటికి బహుమతి ఇస్తారన్నదీ, కిందటేడు పళ్ళ డాక్టరు భార్య చేతిలో తను ఓడిపోయిందన్నదీ కూడా నిజమే. ఈ రెండు నిజాల్లో ఏది ఎక్కువ తూగుతుందని అడిగితే ఆమే చెప్పలేదు.

కారు గేటు దాటగానే కొంగు బిగించి స్టూలెక్కింది. తూర్పు గోడంటే ప్రార్థన గోడ. యేసుప్రభువు పటం, దాని ముందు చిన్న దీపం, పక్కనే బల్ల మీద ప్రార్థన పుస్తకం. అన్నీ తీసి భోజనాల గదిలో ఊరగాయ సీసాల పక్కకి చేర్చింది. పండగ ఎవరిదో ఆయన్నే పండగ అయ్యేదాకా అవతల గదికి పంపించింది. గోడకి బంగారు రంగు కాగితం అంటించి, దాని ముందు క్రిస్మస్ చెట్టు నిలబెట్టి, పైనుంచి కిందిదాకా లైట్లు దించింది.

పటం దించినప్పుడు వెనక నుంచి ఎండిపోయిన లేత కొబ్బరాకు ఒకటి జారి నేల మీద పడింది. అదేమిటో లిన్సీకి తెలియక కాదు. ఈస్టర్‌కి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు చర్చిలో దీవించి ఇచ్చే ఆకు అది. దాన్ని ఇంట్లో భద్రంగా దాచి, క్రిస్మస్ తెల్లవారుజామున చర్చి ముంగిట్లో సిలువ ఆకారంలో తవ్విన గుంటలో మంట వేసినప్పుడు అందులో సమర్పిస్తారు. అంతా తెలుసు. తెలిసే, 'కప్యార్ని అడిగితే ఇంకోటి ఇవ్వడా' అనుకుంది. కప్యార్ అంటే చర్చిలో గంట కొట్టే మనిషి, ఏం కావాలన్నా అందరూ అతని దగ్గరికే పోతారు. పాత పేపర్లతో, నలిగిన రంగు కాగితాలతో పాటు ఆ ఆకుని కూడా పెరట్లో చెత్తకుప్ప మీద వేసి అగ్గిపుల్ల గీసింది.

మర్నాడు పొద్దున ప్రహరీ గోడ మీంచి పక్కింటి కుంజుమోళ్ తల పైకి లేచింది.

"విన్నావా లిన్సీ, మా ఆకుకి చెద పట్టింది. ఇంకోటుంటే ఇమ్మని కప్యార్ని అడిగితే నన్ను కడిగి పారేశాడు. నీ ఇంటి ఆకు నీ ఇంట్లో ఉండాలి గానీ నేనేమన్నా కొట్టు పెట్టుకున్నానా అన్నాడు. నలుగురి ముందూ తల తీసేసినట్టయింది."

"మరేం చేస్తావు చేచ్చీ?" అంది లిన్సీ, అక్కా అన్న వరసలో.

"ఏం చేస్తాను, చెదపురుగులు వదిలిన ముక్కే పట్టుకెళ్తాను. దీవించింది కదా, ఎంతుంటే అంతే. అన్నట్టు, మీ మామగారిది జాగ్రత్తగా ఉంది కదా?"

 లిన్సీ ఉందని తలూపి లోపలికి వచ్చేసింది. కాసేపటికి నిచ్చెన తీసుకెళ్ళి పెరట్లో పొట్టి కొబ్బరిచెట్టుకి ఆనించింది. మొవ్వులోంచి లేతాకు ఒకటి కోసి దిగుతుంటే మళ్ళీ గోడ మీద కుంజుమోళ్.

"చెట్టెందుకెక్కావే?"

"నక్షత్రం ఎక్కడ కడితే వీధిలోకి కనిపిస్తుందా అని చూస్తున్నాను చేచ్చీ."

తాటిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డికి అన్నట్టుంది ఆ జవాబు. కుంజుమోళ్ చెట్టు వైపోసారి, లిన్సీ చేతి వైపోసారి చూసి, గోడ వెనక్కి తల దించేసుకుంది.

పచ్చి ఆకు ఒక్క రోజులో ఎండదు. పొద్దున కేకు దింపిన ఓవెన్ ఇంకా వెచ్చగానే ఉంది. లిన్సీ ఆకుని పళ్ళెంలో పరిచి లోపల పెట్టి, మధ్యమధ్యలో తిరగేస్తూ మధ్యాహ్నానికల్లా పసుపు తిరిగేలా ఎండబెట్టింది. అచ్చం పాతదానిలాగే ఉందనుకుంది. దాన్ని పటం వెనక దోపి, చేతులు కడుక్కుంది.

క్రిస్మస్ ముందురోజు అనుకున్న వేళకే రాహేలమ్మ వచ్చింది. హాల్లో అడుగుపెట్టి, గోడని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఎలా ఉందమ్మచ్చీ?" అన్నాడు రెజీ, సంచి కింద పెడుతూ.

"బాగుంది. పెళ్ళివారి విడిదిలా ఉంది. ప్రభువేరీ?"

"భోజనాల గదిలో. పండగ అవగానే మళ్ళీ ఇక్కడే పెట్టేస్తాను," అంది లిన్సీ.

రాహేలమ్మ అటు నడిచింది. తెల్లవారుజామున చర్చికి పట్టుకెళ్ళాలని పటం వెనక నుంచి ఆకు తీసి, అలవాటుగా ముద్దు పెట్టుకుంది. పెదవుల దగ్గర ఆకు అలాగే ఆగిపోయింది. మళ్ళీ ఒకసారి వాసన చూసింది.

"ఇది కేకు వాసన వేస్తోందేంటి మోళే?"

"ఇల్లంతా కేకు వాసనే కదమ్మచ్చీ," అని రెజీ నవ్వబోయాడు.

"ఇంట్లో వాసన నాకు తెలుస్తూనే ఉందిరా. ఇది ఆకులోంచి వస్తోంది. మీ నాన్న ఆకేది?"

 లిన్సీ అబద్ధం ఇంకొకటి అల్లుదామనుకుంది గానీ అత్తగారి కళ్ళు చూశాక ధైర్యం చాలలేదు.

"కాల్చేశాను అమ్మచ్చీ. గోడ సర్దుతుంటే... చెత్తతో పాటు."

"అయ్యో, ఆకే కదమ్మచ్చీ. ఎలాగూ రేపు కాల్చేదే," అన్నాడు రెజీ.

"అవును, కాల్చేదే. మీ నాన్ననీ ఎలాగూ మట్టిలో పెట్టేదే. అలాగని దారిలో ఎక్కడో పూడ్చేసి వచ్చామా? చర్చికి మోసుకెళ్ళి, పేరు చదివించి, అందరం నిలబడి పెట్టాం." రాహేలమ్మ గొంతు పెంచలేదు. "ఆయన మంచం దిగి గడప దాటిన ఆఖరి రోజు మట్టల ఆదివారం. నువ్వే కదా చేతుల మీద ఎత్తుకుని కారెక్కించావు? ఒక చెయ్యి పడిపోయింది, రెండో చేత్తో ఆ ఆకు పట్టుకున్నాడు. ఇంటికొచ్చాక నేను పెడతానంటే ఇవ్వలేదు. నువ్వు ఎత్తుకుంటే తనే పటం వెనక దోపాడు. మర్చిపోయావా?"

 లిన్సీకి ఏడుపూ రోషమూ ఒక్కసారే పొంగుకొచ్చాయి.

"నాది తప్పే, కాదనను. కానీ ఇదంతా ఎవరి కోసం చేశాననుకుంటున్నారు? మీరు నవ్వి ఎన్నాళ్ళయింది? తలుపేసుకుని ఆ గదిలో కూర్చుంటారు. పిలిస్తే వస్తారు, తింటారు, వెళ్ళిపోతారు. ఈ ఇంట్లో కాస్త వెలుగుండాలని చేశాను."

"నేను గదిలో కూర్చున్నది ఎప్పట్నుంచి? ఆయన పోయిన కొత్తలో రోజూ దీపాల వేళకి హాల్లోకి వచ్చేదాన్ని. వాడు పుస్తకం తీస్తాడు, నువ్వు దీపం వెలిగిస్తావు అని చూసేదాన్ని. వాడికి ఫోను. నీకు పని. టీవీలో ఎవరో ఒకరు అరుస్తూనే ఉంటారు. చూసి చూసి లేచిపోయేదాన్ని. మొన్న బయల్దేరేటప్పుడు కూడా చెబుదామనుకున్నాను. అడిగి చేయించుకునే ప్రార్థన ఏం ప్రార్థనలే అని నోరు మూసుకున్నాను."

"మీరే మొదలుపెడితే మేం కాదంటామా అమ్మచ్చీ?" రెజీ మెల్లగా అన్నాడు.

"ఆయన తర్వాత ఆ పుస్తకం నువ్వు పట్టుకుంటావనుకున్నానురా. పోయినవాళ్ళ పేర్లు చెప్పుకునే చోటొకటి ఉంది ఆ ప్రార్థనలో. ఇన్ని నెలల్లో ఈ ఇంట్లో దేవుడి ముందు మీ నాన్న పేరు ఎవరైనా ఎత్తారా? నా గదిలో నేను చెప్పుకుంటూనే ఉన్నాను. ఒక్కదాన్నే చెప్పుకుంటే అది ముసలిదాని గొణుగుడు. ఇల్లంతా చెబితే కదా ప్రార్థన." ఆమె ఆకుని బల్ల మీద, కేకు పక్కన పెట్టింది. "కాల్చావు, సరే. పొరపాటంటే ఒప్పుకునేదాన్నే. దొంగది తయారుచేసి పటం వెనక పెట్టావు చూడు, నేను దాన్ని ముద్దు పెట్టుకున్నాను. అది మాత్రం నాకు మింగుడుపడటం లేదు మోళే."

ఆమె వెళ్ళి తన గది తలుపు వేసుకుంది. లిన్సీ కుర్చీలో కూలబడింది. అత్తగారు తిట్టి ఉంటే బాగుండేది, తిరిగి నాలుగు మాటలనడానికి ఆధారం దొరికేది. జూన్ నుంచి ఇప్పటిదాకా ఒక్కొక్క సాయంత్రమే గుర్తుకొస్తోంది. హాలు చివర కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్న ఆ మనిషిని తను రోజూ చూసింది. కాఫీ కావాలా అని అడిగింది, కాళ్ళు నొప్పులా అని అడిగింది. ఎందుకు కూర్చున్నారని మాత్రం అడగలేదు.

చీకటి పడుతుండగా లేచి, హాల్లో లైట్ల ప్లగ్గు పీకేసింది. బంగారు కాగితం చించి, చెట్టుని మూలకి జరిపి, పటాన్ని తెచ్చి మేకుకి తగిలించింది.

"ఏడింటికి సంఘంవాళ్ళు చూడ్డానికి వస్తారు లిన్సీ," అన్నాడు రెజీ.

"రానీ ఇచ్చాయా. పుస్తకం తియ్యి."

ఆమె దీపం వెలిగించింది. రెజీ పుస్తకం పట్టుకుని తడబడుతూ మొదలుపెట్టాడు. ఎక్కడ నిలబడాలో, ఎక్కడ వంగాలో ఇద్దరికీ సరిగ్గా గుర్తు లేదు. చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన ప్రార్థన వాడక తుప్పు పట్టింది. మధ్యలో వీధి గేటు చప్పుడైంది, ఎవరో రెండుసార్లు పిలిచారు. "ఈ ఇంట్లో కరెంటు లేనట్టుందండీ" అన్న మాట వినిపించింది. అడుగులు దూరమయ్యాయి. పోయినవారి పేర్లు చెప్పేచోట రెజీ చదవడం ఆపేశాడు. పుస్తకం లిన్సీ చేతికిచ్చి, గోడకి నుదురానించి నిలబడ్డాడు.

"మా తండ్రి చెరియాన్," అంది లిన్సీ.  ఆ మిగతా వాక్యం మూసిన గది తలుపు వెనక నుంచి వచ్చింది, ఒక్క తప్పూ లేకుండా. ప్రార్థన అయ్యాక కూడా ఆ తలుపు తెరుచుకోలేదు.

తెల్లవారుజామున చర్చికి ముగ్గురూ ఒకే కారులో వెళ్ళారు. ముంగిట్లో సిలువ గుంట చుట్టూ జనం నిలబడి ఉన్నారు. ఫాదర్‌గారు మంట ముట్టించి దేవదూతల పాట ఎత్తుకోగానే అందరూ గొంతు కలిపి గుంట చుట్టూ తిరుగుతూ మంటలో సాంబ్రాణి వేయడం మొదలుపెట్టారు. కుంజుమోళ్ చెద తిన్న తన ముక్కని కళ్ళకద్దుకుని మంటలో వేసింది. లిన్సీ కళ్ళు ఆ ముక్క మీదే ఉన్నాయి. అది చిటపటమని ఒక్కసారి వెలిగి ముడుచుకుపోయింది. అంతే, రెప్పపాటు పని.

ఆ రెప్పపాటు కోసమే కదా అత్తగారు ఇన్నాళ్ళూ ఆ ఆకుని కనిపెట్టుకుని ఉన్నది. ఆయన చేతి ఆఖరి పని ఇలా అందరూ పాడుతుండగా, దేవుడి ముందు కాలాలి. అది పెరట్లో పాత పేపర్ల మధ్య కాలిపోయింది. అప్పుడు తనైనా అటు చూడలేదు, పొగ కళ్ళల్లో పడుతుందని మొహం తిప్పుకుంది. ఇంకెన్ని మట్టల ఆదివారాలొచ్చినా చెరియాన్ చేతిలోంచి ఇంకో ఆకు రాదు. ఆ సంగతి లిన్సీకి అక్కడ, ఆ వేడిలో నిలబడ్డాక తెలిసింది. కన్నీళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"నన్ను క్షమించండని అడగడానికి కూడా నాకు మొహం లేదమ్మచ్చీ," అంది.

రాహేలమ్మ మంట వైపే చూస్తోంది. ఆమె కళ్ళూ తడిగానే ఉన్నాయి. "నా కోపం అంత తొందరగా పోదు మోళే. పోయిందని చెబితే అదో అబద్ధం. మనింట్లో అబద్ధాలు చాలు," అంది. తర్వాత కొంగు ముడి విప్పి, అందులోని సాంబ్రాణిలో సగం కోడలి అరచేతిలో పోసి, ఆ వేళ్ళని తన వేళ్ళతో మూసింది.

"ముందు నువ్వు వెయ్యి. రాత్రి చెప్పావే, అలాగే పేరు చెప్పి వెయ్యి. నాకు వినపడేలా చెప్పు."