బెంచీకి ఎన్ని మార్కులు?

నాంపల్లి బస్‌స్టాప్ పక్కనున్న రాతి బెంచీ పోయిన రోజున వైశాలి స్కూలు నుంచి కొంచెం ఆలస్యంగా వచ్చింది. పైపుల కోసం తవ్విన గుంతను పూడ్చేశారు. పైన కొత్త సిమెంటు పోశారు. బెంచీ లేదు.

ఆ బెంచీ మీదే నాన్న బాలరాజు సాయంత్రాలు ఆమె కోసం ఎదురుచూసేవాడు. అబిడ్స్ వైపు నుంచి కూతురు నడిచి వస్తుంటే దూరం నుంచే చూసి లేచి నిలబడేవాడు. "టీచరమ్మ వస్తుంది, కూసుంటే బాగుండదు" అని పక్కవాళ్లతో నవ్వుతూ అనేవాడు. తర్వాత ఇద్దరూ చాయ్ తాగి ఇంటికి వెళ్లేవారు. ఆయన పోయి ఒక వానాకాలం కూడా గడవలేదు.

నాన్న పోయినప్పుడు చేయవలసిన పనులు చాలా ఉన్నాయి. బెంచీ పోయిననాడు ఏ పనీ లేదు. అందుకే నగర సేవల ఫోన్‌లైన్‌కు ఫోన్ చేసి, "బెంచీ తీసేసిన్రు, మళ్ల వేయాలె" అని ఫిర్యాదు రాయించింది. నాన్న సంగతి చెప్పలేదు.

కొన్నాళ్లకు 'మీ సమస్య పరిష్కారమైంది' అంటూ ఫొటోతో సహా మెసేజ్ వచ్చింది. మర్నాడు ఒక ఫోను.

"నమస్తే మేడమ్. నా పేరు రవిచంద్ర. ఫిర్యాదుల ఫోన్‌లైన్ ఎలా పనిచేస్తోందో సర్వే చేస్తున్నాం. మీ సమస్య పరిష్కరించినందుకు ఐదుకి ఎన్ని మార్కులు వేస్తారు?"

"ఏం పరిష్కరించిన్రు?"

"బెంచీ వేశారు కదండీ. ఫొటో కూడా ఉంది."

"సార్, ఆ ఫొటోల బెంచీ వెనక పూలచెట్లున్నయి. అది ఏదో పార్కుది. మా బస్‌స్టాప్ కాడ గడ్డి గూడ మొలవదు. పక్కోని పేపర్ల చూసి రాసిన్రు."

అటువైపు చిన్న నవ్వు, వెంటనే దాన్ని కప్పిపుచ్చే దగ్గు వినిపించాయి. "అయితే ఒకటి వేయమంటారా?"

"కాపీ కొట్టినోళ్లకు మార్కులేంది? మళ్ల పరీక్ష పెట్టాలె."

"ఏదో ఒక అంకె వేయకపోతే నా కంప్యూటర్ ముందుకు కదలదు మేడమ్."

"దాన్ని గూడ బస్‌స్టాప్ కాడ జర నిలవడమనుండ్రి. మేం నిలవడ్తలేమా?"

ఫోన్ పెట్టేసింది. సాయంత్రానికి మెసేజ్ వచ్చింది: 'మీరు వేసిన మూడు మార్కులకు కృతజ్ఞతలు.'

వైశాలి కోపం త్వరగా బయటపడే మనిషి కాదు. కానీ తన చేత్తో వేయని మార్కులు తన పేరు మీద ఉండటం ఏ టీచరుకు సహిస్తుంది? మర్నాడు స్కూలు వదలగానే, వానలోనే, మెసేజ్ కింద ఉన్న చిరునామా చూసుకుని, అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక ఉన్న ఆ సర్వే ఆఫీసు మెట్లెక్కింది.

"రవిచంద్ర ఎవరు?"

"నేనేనండి..." అంటూ లేవబోయిన యువకుణ్ణి అతని హెడ్‌సెట్ తీగే వెనక్కి గుంజి మళ్లీ కూర్చోబెట్టింది.

"నా పేరు మీద మూడు ఎవరేసిన్రు?"

అతడు గొంతు గుర్తుపట్టాడు. ముఖం ఎర్రబడింది. "నేనే. ఖాళీ ఉంటే మధ్యలో వేసేయమన్నారు మా సార్. మూడంటే ఎవరి మనసూ నొచ్చుకోదని..."

"నాది నొచ్చింది. మొత్తం ఊరి లెక్క గిట్లనే కట్టిన్రా?"

రవిచంద్ర హెడ్‌సెట్ తీసి, లేచి, తన కుర్చీ ఆమెకు జరిపాడు. ఆమె గొడుగు నుంచి కారిన నీళ్లు అతని బూట్ల దాకా వచ్చాయి. అతడు కాళ్లు వెనక్కి తీసుకోలేదు.

"ఒకటి అడగొచ్చా? మా ఫారంలో ఈ ప్రశ్న లేదు. ఆ బెంచీ మీకు ఎందుకు కావాలి?"

అప్పటిదాకా ఎవరూ ఆ మాట అడగలేదు.

"మా నాయిన గాడ కూసునేటోడు. నా కోసం."

అతడు కంప్యూటర్ వైపు వంగి మూడు చెరిపేశాడు. 'పరిష్కారం కాలేదు, మళ్లీ తెరవాలి' అన్నచోట నొక్కాడు. "మళ్లీ పరీక్ష పెట్టానండి. పరిష్కారాల శాతం పడిపోయిందని మా సార్ రేపు తిడతారు."

"పడనీయుండ్రి. మంచిగ చదివితే మళ్ల లేస్తది" అంది వైశాలి. చాలా రోజుల తర్వాత ఆమె పెదవి చివర నవ్వులాంటిది కదిలింది.

మర్నాడు సాయంత్రం బెంచీ ఉండిన చోట అతడు నిలబడి ఉన్నాడు.

"ఏంది, గిట్లొచ్చిన్రు?"

"తనిఖీ అండి. బెంచీ వేశారో లేదో చూడాలి కదా."

"లేదని కనవడ్తలేదా?"

"కనబడుతోందండి. రేపు కూడా చూడాలి."

"మీ ఇల్లు గిటు దిక్కేనా?"

"కాచిగూడండి. ఇటు దిక్కు కానే కాదు." అబద్ధం ఆడటం రాని ఆ ముఖం చూసి ఆమె తల తిప్పుకుంది, నవ్వు కనబడకుండా.

రోజూ తనిఖీ జరిగింది. బెంచీ రాలేదు. చాయ్ మాత్రం మళ్లీ మొదలైంది. అలా ఇద్దరూ చాయ్ తాగుతుండగా ఒక సాయంత్రం వైశాలి అమ్మ లక్ష్మీనర్సమ్మ చంకలో మడత కుర్చీతో వచ్చింది.

"నువ్వేనా బిడ్డా, దినాం గీడ తనిఖీ చేసేది?"

"ఔ... అవునండి" అన్నాడు రవిచంద్ర, గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక.

ఆమె కుర్చీ విప్పి సిమెంటు మీద వేసింది. బాలరాజు ఇంట్లో కూర్చునే కుర్చీ. ఆయన పోయాక ఎవరూ విప్పలేదు. "కూసో. బెంచీ వచ్చేదాంక నిలవడ్తే కాళ్లు గుంజుతయి. జర కిర్రుమంటది, ఫికర్ చేయకు."

అతడు వైశాలి వైపు చూశాడు. ఆమె రోడ్డు వైపు చూస్తూ, "కూసోండ్రి" అంది.

కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది. అతడు గొంతు సవరించుకున్నాడు. "వైశాలిగారూ, పెద్దవారి ముందే చెబుతున్నాను. తనిఖీకి కాదండి నేను వస్తున్నది. మీరంటే నాకిష్టం. మీరేమంటారు?"

"పేపర్ దిద్దుతున్న" అంది వైశాలి, బస్సుల వైపు నుంచి చూపు మరల్చకుండా. "మధ్యల మాట్లాడొద్దు."

లక్ష్మీనర్సమ్మ నవ్వింది. "ఇది నిదానంగ దిద్దుతది బిడ్డా. గని నిన్ను ఫెయిల్ చేయదులే."

మర్నాడు అబిడ్స్ నుంచి జనంలో నడిచి వస్తూ వైశాలి దూరం నుంచే, అమ్మ అక్కడే ఉంచిన కుర్చీని చూసింది. అందులో కూర్చున్నతను కూడా ఆమెను చూశాడు. చూడగానే లేచి నిలబడ్డాడు. నాన్న అలాగే లేచి నిలబడేవాడన్న సంగతి ఆమె అతనికి ఎప్పుడూ చెప్పలేదు.

ఒక్క క్షణం ఆగి, కళ్లు తుడుచుకుని, అతని దగ్గరికి నడిచింది. "పేపర్ దిద్దిన" అంది. "పాసైన్రు."

ఫిర్యాదు ఇంకా తెరిచే ఉంది. బెంచీ ఇంకా వేయలేదు.