దులుపుడులో పోయిన ఉత్తరాలు

ఉద్యోగం నుంచి రిటైరైన నాటి నుంచి తొకుజీ గారికి ఒక చెడ్డ అలవాటు పట్టుకుంది: ఇంటికి ఉపయోగపడటం. వంటింట్లో గరిటెలన్నీ పొడవు ప్రకారం సర్దారు. ఆ రోజు నుంచి భార్య చిజురుకి కావలసిన గరిటె ఒక్కటీ సమయానికి దొరకలేదు. డిసెంబరు ఆఖరున ఇల్లంతా దులిపే రోజులకు నెల ముందే ఆయన కన్ను హాల్లోని కంప్యూటర్ మీద పడింది.

మూడు వారాలు కూర్చుని ఏడు మెయిల్ యాప్‌లను పోల్చారు. పట్టిక గీసి మార్కులు వేశారు. ఆ కంప్యూటర్‌లో మెయిల్ చూసేది చిజురు ఒక్కతే. ఆమెను మాత్రం ఒక్క మాట అడగలేదు.

దులిపే రోజు ఉదయం మిసో సూప్ పొయ్యి మీద పెట్టి, ఆమె రోజూలాగే కంప్యూటర్ ముందు కూర్చుంది. హొక్కైదోలో ఉండే అక్క సుమియె పదకొండేళ్లపాటు రాసిన ఉత్తరాలు అందులోనే ఉన్నాయి. అక్క ఈ వసంతంలో పోయింది. అప్పటి నుంచి చిజురు రోజుకొకటి చొప్పున మొదటి నుంచి చదువుకుంటోంది. ఇంకా మూడో ఏడు దాటలేదు.

తెర మీద కొత్త మెయిల్ పెట్టె తెల్లగా మెరుస్తోంది. లోపల ఉన్నది ఒకే ఒక్క ఉత్తరం. ముల్లంగి ధర తగ్గించామని సూపర్‌మార్కెట్ వాళ్లు పంపినది.

"ఏవండీ, అక్క ఉత్తరాలేవి?"

"సర్వర్‌లో ఉంటాయిలే. ముందు దీని వేగం చూడు, కన్ను మూసి తెరిచేలోగా తెరుచుకుంటుంది!" అన్నారాయన, ఆమె వైపు చూడకుండా.

దులపడానికి సాయం వచ్చిన కూతురు మినోరి, కిటికీ తుడిచే గుడ్డ పక్కన పెట్టి వచ్చింది.

"సర్వర్‌లో ఎందుకుంటాయి నాన్నా? దించుకోగానే అక్కడివి చెరిపేసేలా పెట్టింది నువ్వే కదా! పాత యాప్ ఏది?"

"తీసేశాను. దాని ఫోల్డర్ కూడా. దులపడమంటే సగం సగం దులుపుతారా?"

మధ్యాహ్నం దాకా మినోరి తెలిసినవన్నీ చేసి చూసింది. ఒక్కటీ తిరిగి రాలేదు.

"ఈ ఇంట్లో నావి అని చెప్పుకోడానికి ఉన్నవి అవేనండీ," అంది చిజురు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదనిపించింది మినోరికి.

"అంత ముఖ్యమైతే కాగితం మీద తీసి దాచుకోవాల్సింది. ఇప్పుడు నన్నంటే ఏం లాభం?"

"నాన్నా, కొత్త యాప్ పెట్టేటప్పుడు పాత ఉత్తరాలు తేవాలా అని అడుగుతుంది. నువ్వేం నొక్కావు?"

తొకుజీ గారు కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. అప్పటికే అది శుభ్రంగా ఉంది.

"వద్దని నొక్కాను. అంతకుముందు ఒకటి తెరిచి చూశాను. 'ఆ మనిషి దగ్గర ఇంకెన్నాళ్లు నోరు మూసుకుని పడుంటావు చిజూ? వచ్చెయ్, ఇక్కడ గది ఖాళీగానే ఉంది' అని ఉంది. రోజూ పొద్దున్నే నువ్వు చదివేది ఇదా అనిపించింది."

"దానికి నేను రాసిన జవాబు చూశారా?"

"లేదు."

"మాట కరుకే గాని, ఆయన నాకు కావాలని అన్యాయం ఎప్పుడూ చెయ్యరక్కా, అని రాశాను." చిజురు నవ్వబోయింది. "చూపిద్దామన్నా ఇప్పుడది కూడా లేదు."

తొకుజీ గారు చేతిలోని కళ్లజోడు బల్ల మీద పెట్టేశారు.

"వదిన రాసిందే నిజం, చిజురూ," అన్నారు. "తప్పు చేశాను. తెలిసే చేశాను."